మేష్టారి నున్నటి తీగలు

మా బేస్ గిటారు మేష్టారు పోయిన మంగళవారం మధ్యాహ్నం పెద్దాసుపత్రిలో కన్నుమూశారు. ఈ కబురు మన సంఘంలో అందరికీ తెలిసిందే. సమాధుల తోటకి మీలో చాలామంది వచ్చారు కూడా. అయినా నేను మన సంఘ పత్రిక ఈ సంచికలోనే ఆయన గురించి రాయవలసి వచ్చింది. కారణం ముందే చెబుతాను. మేష్టారి గిటారును అద్దాల పెట్టెలో పెట్టి, క్రిస్మస్ నాటికి గుడిలో వేదిక పక్క గోడకి బిగించాలని పెద్దలు నిర్ణయించారు. ఆయన చివరిసారి వాయించి దించినట్టే, ఇప్పుడు దానికున్న తీగలతోనే ఉంచాలని వారి ఆలోచన. అది గౌరవంతో చేసిన ఆలోచన. కానీ ఆ తీగలతో ఆ గిటారు అక్కడ ఉంటే, మేష్టారి భార్య ఇక మన గుడి గడప తొక్కలేదు.

ఆమెను నేను అత్తయ్య అని పిలుస్తాను. అత్తయ్యకి చదువు రాదు. భూస్థాపన అయిన మర్నాడు నన్ను పిలిచి పక్కన కూచోబెట్టుకుంది.

"నీకు అచ్చరాలొచ్చు గదే అమ్మా. నలుగురి ముందూ నిలబడితే నాకు నోరు పెగల్దు. నువ్వు రాయే" అంది.

మా ఇంట్లో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేనే. మా వీధిలో వాళ్లకి ఉత్తరాలు చదివి పెట్టడం, అర్జీలు రాసి పెట్టడం నాకు అలవాటే. ఒక మనిషి పోయాక ఆయన గురించి రాయడం మాత్రం ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించండి.

మేష్టారు బడిలో పాఠాలు చెప్పిన మేష్టారు కాదు. పోర్టు వర్క్‌షాపులో క్రేన్లకి కట్టే ఇనుప తాళ్లు అల్లి అతికే పని చేసేవారు. గిటారు నేర్పమని అడిగినవాళ్లకి కాదనకుండా నేర్పేవారు కనుక అందరికీ మేష్టారయ్యారు. సముద్రం ఒడ్డున యారాడలో పెరిగారు. అక్కడ కుర్రతనంలో ఖాళీ టీ పెట్టెకి వెదురు కర్ర నిలబెట్టి, వల తాడు బిగించి వాయించేవారట. నూలు తాడు అయితే చప్పుడు రాదు, నైలాను తాడు అయితే వేలు కాలుతుంది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన తన చూపుడు వేలిని ఎప్పుడో కాలిన మచ్చ వెతుకుతున్నట్టు తిప్పి చూసుకునేవారు.

తరవాత కలకత్తాలో చేసిన బేస్ గిటారు ఒకటి చేతికొచ్చింది. మనం ఇన్నేళ్లూ చూసింది అదే. దానికి మొదట్లో బజారులో దొరికే గరుకు తీగలే ఉండేవి. పగలంతా ఇనుప తాళ్లు, సాయంత్రం ఇనుప తీగలు. అన్నం కలుపుకుంటే పులుసు తగిలి వేళ్లు మండేవని అత్తయ్య చెప్పేది. ఒకసారి ఇనుప ఖనిజం ఎక్కించుకోవడానికి వచ్చిన ఓడ మీద వంటవాడు, మనీలా మనిషి, ఈయన వేళ్లు చూసి ఏం వాయిస్తావని సైగలతో అడిగాడట. మర్నాడు తన పెట్టెలోంచి ఒక తీగల చుట్ట తెచ్చి ఇచ్చాడు. మేష్టారు బదులుగా అత్తయ్య పెట్టిన ఆవకాయ సీసా ఇచ్చారు.

"నా ఆవకాయ ఏ దేశం ఎల్లిందో గానీ, ఆ తీగలు మాత్తరం నా సవితిలాగ ఇంట్లోనే ఉండిపోనాయి" అని అత్తయ్య నవ్వేది. అది డెబ్బైల మొదట్లో మాట. పోయిన ఏడాది వరకూ ఆ గిటారు మీద ఉన్నవి ఆ తీగలే.

వాటి సంగతి నాకు తెలిసింది నా చేతుల వల్ల. మా అమ్మ ఫిషింగ్ హార్బరు దగ్గర రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. సెలవుల్లో నేనూ వెళ్లేదాన్ని. ఐసు నీళ్లలోంచి రొయ్య తీసి తల తుంచడం, పెంకు వొలవడం. మధ్యాహ్నానికి వేళ్ల చివర్లు నాని తెల్లబడతాయి, సాయంత్రానికి చిట్లుతాయి. అలాంటి చేతులతో నేను క్వాయర్లో గిటారు నేర్చుకోబోయాను. పాడేవాళ్ల వరసలో నేను నిలబడే చోటు మేష్టారి పక్కనే. బేస్ తీగ మోగినప్పుడు నా కాళ్ల కింద నేల అదిరేది. ఆ అదురు నాకు నచ్చింది, అంతే.

క్వాయరు కుర్రాళ్ల దగ్గర వేరే గిటారు ఉండేది. దాని మీద మొదలుపెట్టాను. ఒక పాట పూర్తయ్యేసరికి వేలు తడిగా తగిలింది. చెయ్యి వెనక్కి దాచుకున్నాను.

"ఏటే గుంటా, ఆ సెయ్యేటి దాత్తన్నావు? ఇలగ సూపించు" అన్నారు మేష్టారు.

చూపించాను. ఆయన నా వేలు వెలుతురుకేసి తిప్పి చూశారు. లీడ్ గిటారు వాయించే అబ్బాయి పక్కనుంచి తొంగిచూశాడు. "మేష్టారూ, రొయ్యిలొలిసే సెయ్యికి గిటారెందుకండి?" అన్నాడు.

"నీ సెయ్యి ఏటొలుస్తాదిరా? అరిటిపండా?" అన్నారాయన. అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు.

ఆ రోజే తన గిటారు నా ఒళ్లో పెట్టారు. అంత బరువని నేననుకోలేదు. కుర్రాళ్లు "గిటారు నువ్వు మోత్తన్నావా, నిన్నది మోత్తందా?" అని ఏడిపించారు. నేను తీగ మీద వేలు పెట్టి జరిపాను. నా చిట్లిన వేలికి ఏమీ తగల్లేదు. నున్నటి చేప వీపు మీద తలనుంచి తోక దాకా నిమిరినట్టుంది. ఆ రోజునుంచి నాకు దాని మీదే నేర్పారు.

తరవాత వాళ్లింట్లో మేకుకి వేలాడుతున్న పాత గరుకు తీగ ఒకటి తీసి, దాని మీద గోరు పెట్టి గీశారు. గర్రుమంది. "ఇది ఆకురాయి" అన్నారు. బేస్ తీగ లోపల ఒకటే స్టీలు తీగ ఉంటుందనీ, దాని మీద ఇంకో తీగ చుడతారనీ అప్పుడే చెప్పారు. చుట్టే తీగ గుండ్రంగా ఉంటే పైన గాడులు పడతాయి, వేలు జరిగినప్పుడల్లా గాడులన్నీ తగులుతాయి. నికెలు చుట్టింది కాస్త సాధువు, స్టీలు చుట్టింది మొండిది. చుట్టేది రిబ్బనులాగ చదునుగా ఉంటే పైన గాజులా ఉంటుంది, మేష్టారివి అలాంటివే. నైలాను చుట్టిన నల్ల తీగలు కూడా ఉంటాయట. అవి మరీ మెత్తన, కాకపోతే దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు పలుకుతాయని నవ్వారు.

"మరి గరుకువి ఎందుకు కొంటారండి?" అని అడిగాను.

"మోత. జల్లున మోగుతాయి. కుర్రోళ్లకి మోత కావాల. నాకక్కర్నేదు. బేస్ ఎవులూ ఇనరే. ఆగిపోతే మాత్తరం అందరూ ఇంటారు."

ఈ మాట ఆయన చాలాసార్లు అనేవారు. అప్పట్లో నాకది పరిహాసంలా వినిపించేది.

ఆయనవి కొన్ని అలవాట్లు ఉండేవి. వాయించడం అయ్యాక పాత బనీను గుడ్డతో తీగల్ని పైనుంచి కిందకి తుడిచేవారు. మన ఊరి ఉప్పుగాలి ఇనుముని బతకనివ్వదనేవారు. చేతులు కడుక్కోకుండా గిటారు ముట్టుకోనిచ్చేవారు కాదు. నన్ను మాత్రం "నిమ్మకాయ రాసుకునొచ్చీవా?" అని అడిగేవారు, రొయ్యల వాసనకి. కొత్తగా నేర్చుకునేవాళ్లు వేలు నొప్పంటే సంతోషించేవారు. "తెలుత్తందా? మంచిది. తెలిసినంత కాలం నీ ఏలు నీదే" అనేవారు.

ఆ మాట వెనక ఏముందో నాకు ఆలస్యంగా తెలిసింది. మేష్టారికి షుగరు ఉండేది. రిటైరు కాకముందే వేళ్లలో తిమ్మిరి మొదలైందట. ఒక సాయంత్రం వాళ్లింట్లో ఉండగా అత్తయ్య టీ ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకునే ముందు దాన్ని చెక్కిలికి ఆనించి చూశారు. ఎందుకలా అని నేను చూస్తూ ఉంటే అత్తయ్యే అంది, "సెయ్యికి తెల్దే. మొన్న పొయ్యి మీద గిన్ని ఒట్టి సేత్తో దించీసి, కమురు వాసనేస్తంది ఏటే అని నన్నడుగుతన్నాడు."

మేష్టారు నవ్వలేదు. గిటారు తెచ్చి నా ముందు పెట్టారు. "తీగ ముట్టుకుని సెప్పు. ఎక్కడైనా తుప్పు తగుల్తందా?" అన్నారు.

నేను నాలుగు తీగలూ పై నుంచి కింద వరకూ వేలితో చూసి, లేదని చెప్పాను.

"ఎలగుంది?"

"నున్నగా ఉందండి. చల్లగా ఉంది."

"చల్లగా ఉందా?" అని ఆయన తన వేలు పెట్టి చూసుకున్నారు. ఎవరో పెద్ద కబురు చెబితే నిజమా అని అడిగినట్టు అడిగారు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆరాధనకి ముందు తీగల్ని నేను ముట్టుకుని చెప్పడం, ఆయన వినడం మాకు అలవాటైపోయింది. వేలికి తెలియకపోయినా వేలు ఎక్కడికెళ్లాలో ఆయనకి తెలుసు. ఒక్క స్వరం తప్పేవారు కాదు.

ఇక ఆ కొత్త తీగల సంగతి.

పోయిన ఏడాది సంఘ వార్షికోత్సవానికి మేష్టారిని సన్మానించాలని క్వాయరు కుర్రాళ్లు అనుకున్నారు. లీడ్ గిటారు అబ్బాయి అన్నయ్య ఓడల్లో పనిచేస్తాడు. సింగపూరు నుంచి బేస్ తీగలు తెప్పించారు. స్టీలువి, కొత్తవి, తళతళలాడుతున్నాయి. ముందు చెబితే వద్దంటారని, ఉత్సవం కోసం ముందే గుడి బీరువాలో ఉంచిన గిటారుని శనివారం తీసి వాళ్లే బిగించేశారు. పాత తీగలు వాళ్ల కళ్లకి ఎప్పుడో చచ్చిపోయిన తీగలు. అంతకుముందు గాలివానకి గుడి మీద నక్షత్రం కట్టే తాడు తెగిపోయింది కదా. ఆ తీగల్ని ముక్కలు చేసి నక్షత్రాన్ని వెదురుకి బిగించి కట్టారు. ఇక ఏ గాలికీ ఊడదని ముచ్చటపడ్డారు.

ఆదివారం మేష్టారు గుడ్డ తీసి చూశారు. కుర్రాళ్లు గుంపుగా నిలబడి ఆయన మొహమే చూస్తున్నారు. ఆయన వేలు పెట్టి చూసి, వంగి చెక్కిలి ఆనించారు. ముద్దు పెట్టుకున్నారనుకుని అందరూ చప్పట్లు కొట్టారు. అలా వంగి ఉండగానే ఆయన కళ్లు నాకేసి తిరిగాయి.

"ఎలగున్నాయే?" అని మెల్లగా అడిగారు.

ముట్టుకున్నాను. "గరుకండి. బాగా గరుకు" అన్నాను.

"ఎలగున్నాయి మేష్టారూ?" అని కుర్రాళ్లు అడిగారు.

"బాగా మోగుతన్నాయిరా" అన్నారాయన.

నిజంగానే మోగాయి. ఆ రోజు అందరూ బేస్ విన్నారు. బయటికి వచ్చాక కూడా మెచ్చుకున్నారు. నేను పాత తీగల మాటెత్తితే, "అరుగుతాయిలే. కొన్నాళ్లు వాయిస్తే ఇయ్యీ నున్నగైపోతాయి" అన్నారు.

తీగలు అరగలేదు. ఒక ఆదివారం పాట మధ్యలో గిటారు మెడ మీద ఎర్రగా కనబడింది. ఎడమ చేతి ఉంగరపు వేలు తెగి నెత్తురు కారుతోంది. ఆయన ఎదురుగా ఉన్న పిల్లల వైపు చూసి నవ్వుతూ వాయిస్తున్నారు. ఆయనకి తెలియదు. పాట అయ్యాక చెవి దగ్గర చెప్పాను. చెయ్యి చూసుకుని, బనీను గుడ్డ చుట్టుకున్నారు.

"ఎవులికీ సెప్పకు. పేమతో తెచ్చారు. తెలిత్తే ఆ గుంటలు తిండి మానెత్తారు."

ఇంట్లో అత్తయ్య గొడవపెట్టింది. "ఆ తీగలు పీకీసి పారెయ్యి మావా" అంది. ఆవిడ ఆయన్ని మావా అనే పిలిచేది. వేలికి ప్లాస్టరు వేసి వాయించి చూశారు కానీ, స్వరం మసకబారుతోందని వారానికే తీసేశారు. నేను ఊళ్లో తెలిసిన సంగీతం షాపులన్నీ తిరిగాను. చదును తీగలంటే వాళ్లకి అర్థం కాలేదు. ఒకాయన ఇస్త్రీ చేసినవా అని అడిగాడు.

చిన్న గాయం మానలేదు. వాచింది, నల్లబడింది. ఆసుపత్రిలో ముందు వేలు తీశారు. తరవాత జ్వరం దిగలేదు. డాక్టర్లు వాళ్ల శక్తి కొద్దీ చూశారు. షుగరు ఉన్న ఒంట్లో ఏ చిన్న దెబ్బయినా ఇలా ముదరవచ్చని, చేపముల్లు గుచ్చుకున్నా ఇంతేనని వాళ్లన్నారు. కాబట్టి ఆ తీగలే ఆయన్ని చంపాయని నేను రాయడం లేదు. అలా ఎవరూ అనుకోకూడదు.

చివరి వారంలో చూడ్డానికి వెళ్లాను. ఎడమ చెయ్యి మోచేతి దాకా కట్టు. మాట సరిగ్గా రావడం లేదు. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం దుప్పటి మీద ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి. ఏ పాటో పోల్చుకోవాలని చాలాసేపు చూశాను. పోల్చుకోలేకపోయాను. అత్తయ్య ఆ చేతికింద తన అరచెయ్యి పెట్టింది. వేళ్లు ఆగలేదు, ఆమె అరచేతిలోనే నడిచాయి.

"ఏటి వాయిత్తన్నావు మావా?" అని అడిగింది.

ఆయన కళ్లు తెరవలేదు. "నీది మెత్తగుంది" అన్నారు. ఆ చేతికి తెలిసి అన్నారో, ఊరికే అన్నారో మాకు తెలియదు. అత్తయ్య మాత్రం ఆ మాట తలచుకుని ఇప్పటికీ అరచెయ్యి చూసుకుంటుంది.

ఎవరికీ చెప్పవద్దన్న ఆయన మాట నేను దాటుతున్నాను. దాటొచ్చా అని అత్తయ్యని అడిగాను. "ఆయన ఉన్నన్నాళ్లూ ఆయన మాట ఇన్నాం. ఇప్పుడు నా మాటిను. పతీ ఆదివారం నాను ఆ తీగలెదర కూకోనేను" అంది.

ఇది అచ్చుకి ఇచ్చే ముందు లీడ్ గిటారు అబ్బాయికి చదివి వినిపించాను. ఆ అబ్బాయికి తెలియకుండా ఇది మీ చేతికి రావడం న్యాయం కాదనిపించింది.  వినడం అవగానే గుడి మెట్ల మీంచి లేచి, నిచ్చెన వేసుకుని నక్షత్రం దగ్గరికి ఎక్కాడు. ముక్కలన్నీ విప్పి తెచ్చి నా ఒళ్లో పోశాడు. ఒక్కటీ గిటారుకి అందే పొడవు లేదు.

"అతకడానికి అవ్వదా అక్కా? మేష్టారు వైరు రోపులే అతికీవోరు గదా?" అన్నాడు. అవ్వదని చెప్పాను. వాడు ఏడిచాడు. తమ్ముడూ, నువ్వు తెచ్చింది కానుకే. ఆయన దాన్ని కానుకగానే పుచ్చుకున్నారు. ఈ మాట అందరి ముందూ చెప్పడానికి కూడా ఇది రాస్తున్నాను.

పెద్దల్ని కలిశాను. ఓపిగ్గా విన్నారు. తీగలు లేని గిటారు గోడకి పెడితే బాగోదన్నారు. వేరే తీగలు దొరికితే ఇవి తీయించేద్దాం, దొరక్కపోతే ఉన్నవాటితోనే బిగిద్దాం, వడ్రంగి క్రిస్మస్‌కి ముందే పని పూర్తి చెయ్యాలి అన్నారు. నున్నటి తీగలు గనక వస్తే, పెట్టెలో పెట్టే ముందు క్రిస్మస్ ఆరాధనలో ఒకసారి నన్ను వాయించనిస్తామని కూడా అన్నారు. ఆయన ఆసుపత్రిలో చేరినప్పటినుంచి బేస్ లేకుండానే పాడుతున్నాం. పోయిన ఆదివారం మొదటి చరణంలోనే పాట జారిపోయింది, ఒక్కొక్కరూ తగ్గిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆగిపోతే అందరూ వింటారని ఆయన ఊరికే అనలేదు.

గిటారు ప్రస్తుతం వాళ్లింట్లోనే ఉంది. నిన్న వెళ్లేసరికి అత్తయ్య దాన్ని ఒళ్లో పెట్టుకుని, ఆయన తుడిచినట్టే బనీను గుడ్డతో పైనుంచి కిందకి తుడుస్తోంది. మూడో తీగ గాడుల్లో గోధుమరంగు మరక ఎండిపోయి ఉంది. అది గుడ్డకి రాదు, గోటికి రాదు. తుడిచినప్పుడల్లా గాడులు గుడ్డని పట్టుకుని లాగుతున్నాయి. బనీను పోగులు తెగి తీగ పొడవునా తెల్లగా నిలిచిపోయాయి, కిటికీలోంచి గాలి వచ్చినప్పుడల్లా కదులుతున్నాయి. అత్తయ్య వాటిని ఒక్కొక్కటీ ఏరి తీసి, మళ్లీ తుడుస్తోంది.

మీలో ఓడల మీద పనిచేసేవాళ్లున్న ఇళ్లు ఉన్నాయి. కలకత్తా, మద్రాసు వెళ్లి వచ్చేవాళ్లున్నారు. ఒకప్పుడు ఆర్కెస్ట్రాల్లో వాయించి మానేసినవాళ్లున్నారు. ఎవరింట్లోనైనా, ఎవరికి తెలిసినచోటైనా చదును చుట్టు బేస్ తీగలు ఒక జత ఉంటే, నైలాను చుట్టిన నల్లవైనా సరే, గుడి ఆఫీసుకి నా పేర డిసెంబరు పదో తేదీలోపు ఒక్క కార్డు ముక్క రాయండి. లేవని తెలిసినా అదే రాయండి, ఇంకోచోట వెతుక్కుంటాను. పాతవైనా పరవాలేదు. వేలికి నున్నగా తగిలితే చాలు.